చెరువులో నత్త, కొట్టంలో జబ్బు

"గేదె మేత తింటూనే వుంది, పాలు మాత్రం రోజురోజుకూ తగ్గుతున్నాయి. దాణా ఏమైనా మార్చమంటారా?" అని సంఘాల నుంచి మాకు తరచు ప్రశ్నలు వస్తుంటాయి. వానలు వెనకపట్టిన తరువాత ఈ ప్రశ్నలు మరీ ఎక్కువ. దాణా సంగతి తరువాత చూడవచ్చు. ముందుగా ఆ గేదె ఎక్కడ మేస్తున్నది, ఏ నీళ్ళు తాగుతున్నది అని మేము తిరిగి అడుగుతాము. "చెరువు లోపలే మేస్తుందండీ, పచ్చగడ్డి అక్కడే కదా వున్నది" అని సమాధానం వస్తే, దాణా కంటె ముందు నత్తను గురించి మాట్లాడుకోవలసి వుంటుంది.

నత్త పశువును కరవదు, కుట్టదు. దాని పాటికది నీటిలో నాచు, కుళ్ళిన ఆకులు తింటూ బతుకుతుంది. అయినా పాడిపశువులకు వచ్చే కార్జపు జలగ, పొట్ట జలగ, గురక వ్యాధి – ఈ మూడూ నత్త లేకుండా ఒక పశువు నుంచి ఇంకొక పశువుకు రాలేవు. ఇక్కడ జలగ అంటే చెరువులో దిగినప్పుడు కాళ్ళకు పట్టి రక్తం పీల్చే జలగ కాదని మనవి. ఇవి పశువు శరీరం లోపల వుండే పురుగులు. వీటిలో కార్జపు జలగ ఆకులా పలచగా, చదునుగా వుంటుంది. పేరు ఒకటే కావడంతో చాలామంది పొరపడుతుంటారు.

అన్ని నత్తలూ ఈ జబ్బులను మోయవు. మన వైపు నీటి నత్త అనగానే గుర్తుకు వచ్చేది పొలం గట్ల మీద, తూముల దగ్గర కనబడే పెద్ద గుండ్రటి నత్త. ముట్టుకుంటే లోపలికి ముడుచుకొని గట్టి మూత వేసుకుంటుంది. కొన్ని చోట్ల దీనిని వండుకు తింటారు, బాతులకు వేస్తారు. మనం చెప్పుకునే మూడు జబ్బులలోనూ దీని పాత్ర లేదు. మూత లేని చిన్న నత్తలను గురించే మనం తెలుసుకోవాలి. వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి లిమ్నియా. పలచని గుల్ల, మొన తేలిన చుట్లు, వెడల్పాటి నోరు. వేలితో నొక్కితే పగిలిపోతుంది. కార్జపు జలగను మోసేది ఇదే. రెండవది జిలేబీ చుట్టలా చదునుగా చుట్టుకొని వుండేది. బాగా పెరిగితే ముప్పావు అంగుళం వుంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్ అంటారు. ఆ పేరు నోరు తిరగనివారు జిలేబీ నత్త అనుకోవచ్చు. మేమూ ఇకముందు అలాగే వ్రాస్తాము. గురక వ్యాధిని, పొట్ట జలగలలో కొన్నింటిని ఇది మోస్తుంది.

ఈ జిలేబీ నత్తను చిదిపితే ఎర్రటి ద్రవం వస్తుంది. మన రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబినే దీని రక్తంలోనూ వున్నది. గాలి సరిగా ఆడని మురికి నీటిలో కూడా ఇది సుఖంగా బతకడానికి అది తోడ్పడుతుంది. పైగా దీనికి మొప్పలు లేవు, ఊపిరితిత్తి వున్నది. నీటి పైకి వచ్చి గాలి పీల్చుకొని పోతుంది. ఆడ, మగ అని వేరు లేవు. ప్రతి నత్తలోనూ రెండూ వుంటాయి, జత దొరకకపోతే ఒంటరిగానే గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లు జిగురు ముద్దలలో పొదిగినట్లుగా ఆకుల అడుగున అంటుకొని వుంటాయి. నీటి వేడి 30 డిగ్రీలు వుంటే ఒక్కొక్క నత్త తన జీవితకాలంలో 800 వరకు గుడ్లు పెట్టగలదని ప్రయోగశాలల్లో తేలింది. నీటి వేడి 15 డిగ్రీల కంటె తక్కువైతే ఇది పెరిగి గుడ్లకు రాదు. మన చెరువు నీళ్ళు అంత చల్లబడేది అరుదు కాబట్టి ఆ లెక్క మనకు అంతగా అక్కరకు రాదు. వేసవిలో కుంట ఎండిపోతే బురదలో దూరి పడుకుంటుంది. తొలకరికి నీళ్ళు చేరగానే మళ్ళీ లేస్తుంది.

ఇటువంటి ప్రాణి ఒకటి కొత్త నీళ్ళలో పడితే ఏమవుతుందో చూడండి. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన కాలువలను కమ్మింది, వయ్యారిభామ వచ్చి బీళ్ళను పట్టింది అని మనం తరచు చెప్పుకుంటాము. జిలేబీ నత్త కథ దీనికి తిరగబడింది. దీని పుట్టిల్లు మన భారతదేశమూ, దాని ఇరుగుపొరుగు ఆసియా దేశాలూ. ఇక్కడి నుంచి అది బయటి దేశాలకు వెళ్ళి అక్కడ దండయాత్ర చేస్తున్నది. 1980ల చివరలో పశ్చిమ ఆఫ్రికాలోని నైజీరియా, ఐవరీకోస్ట్‌లలో కనబడింది. ఆ తరువాత అట్లాంటిక్ దాటి కరీబియన్ సముద్రంలోని గ్వాదలూప్, మార్టినిక్ దీవులకు చేరింది. అలంకారపు చేపల తొట్లలో వేసే నీటి మొక్కలకు అంటుకొని ఇటువంటి నత్తలు దేశాలు దాటుతుంటాయి. మొక్క కొన్నవానికి దాని అడుగున వున్న జిగురు చుక్క కనబడదు కదా. ఒక్క నత్త చేరినా చాలు, ఏడాది తిరిగేసరికి ఆ నీళ్ళు నిండిపోగలవు.

దూరదేశాల ముచ్చట మనకెందుకని సభ్యులు అనుకోవచ్చు. ఇందులో మనకు పనికివచ్చే సంగతి వున్నది. ఒక్క నత్త నుంచి ఏడాదిలో నీళ్ళు నిండేటప్పుడు, చెరువులో మందు కొట్టి నత్తలన్నింటినీ చంపేస్తామనడం జరిగే పని కాదు. నూటికి తొంభై తొమ్మిది చచ్చినా మిగిలిన ఆ ఒక్కటి చాలు. మైలుతుత్తం నత్తలను చంపుతుందన్న మాట నిజమే. కాని అది చేపలనూ చంపుతుంది. బురద, చెత్త వున్న నీటిలో దాని శక్తి పోతుంది. అదే నీరు గొర్రెలు తాగితే వాటి ప్రాణానికి ముప్పు, ఎందుకంటే రాగి విషం గొర్రెకు తొందరగా ఎక్కుతుంది. ఊరి చెరువులో మైలుతుత్తం కలపవద్దని గట్టిగా చెబుతున్నాము.

మరి ఈ గొలుసును ఎక్కడ తెంచాలి? అది తెలియాలంటే జలగ తిరిగే దారి తెలియాలి.

ఆ దారి కనిపెట్టడం సులభంగా జరగలేదు. 1879–80లో ఇంగ్లండులో వానలు విపరీతంగా కురిసి, కార్జపు జలగతో సుమారు 30 లక్షల గొర్రెలు చనిపోయాయి. జబ్బు గొర్రె పేడలో జలగ గుడ్లు వుంటున్నాయి. కాని ఆ గుడ్లను తిన్న గొర్రెకు జబ్బు రావడం లేదు. మధ్యలో ఏమి జరుగుతున్నది? ఆక్స్‌ఫర్డులో థామస్, జర్మనీలో ల్యూకార్ట్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వెతికి, 1883 నాటికి జవాబు చెప్పారు. మధ్యలో వున్నది ఒక చిన్న నత్త. అక్కడి జలగ జాతి వేరు, నత్త జాతి వేరు. మన దగ్గర వుండే జలగ ఫాసియోలా జైగాంటికా, దానికంటె పొడుగైనది. మూడు అంగుళాల దాకా పెరుగుతుంది. అయితే రెండూ తిరిగే దారి ఒకటే.

కార్జంలోని పిత్తనాళాలలో వుండే జలగ రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అవి పేడతో బయటకు వస్తాయి. పేడ పొడి నేల మీద పడి ఎండితే గుడ్ల కథ అక్కడితో సరి. నీటిలో పడితే రెండు మూడు వారాలకు ఒక్కొక్క గుడ్డు నుంచి కంటికి ఆనని పిల్ల పురుగు వస్తుంది. దానికి నోరు లేదు, తిండి లేదు. ఒక రోజు లోపల లిమ్నియా నత్తను పట్టుకోకపోతే చచ్చిపోతుంది. పట్టుకుంటే మాత్రం నత్త లోపల ఒకటి పలు వందలుగా పెరుగుతుంది. ఆ వందలూ నెలా రెండు నెలలకు తోకలతో బయటకు వచ్చి, నీటి అంచున వుండే గడ్డికి, వరి మొదళ్ళకు అంటుకొని, తోక రాల్చి, చిన్న గూడు కట్టుకొని కూర్చుంటాయి. గుండుసూది మొనంత వుండే ఆ గూళ్ళను గడ్డితోపాటు గేదె తింటుంది. పిల్ల జలగలు పేగు నుంచి బయటపడి కార్జాన్ని తొలుచుకుంటూ పోయి, మూడు నాలుగు నెలలకు పిత్తనాళాలలో చేరి మళ్ళీ గుడ్లకు వస్తాయి.

ఈ మూడు నాలుగు నెలల సంగతి సభ్యులు బాగా గుర్తుంచుకోవాలి. పిల్ల జలగలు కార్జాన్ని తొలుస్తున్న ఆ రోజుల్లో పశువుకు నష్టం ఎక్కువ, అయినా పేడ పరీక్షలో గుడ్లు కనబడవు. "పరీక్షలో ఏమీ లేదన్నారు, గేదె మాత్రం చిక్కిపోతున్నది" అని డాక్టరు మీద విసుక్కునే ముందు ఇది ఆలోచించాలి. ఊళ్ళో మరి రెండు పశువులలో జబ్బు తేలితే, మీ పశువు పేడలో గుడ్లు లేకపోయినా డాక్టరు మందు ఇవ్వవచ్చు.

లక్షణాలు చాలామందికి తెలిసినవే. పాలు తగ్గడం, వెంట్రుకలు బిరుసెక్కడం, కళ్ళ లోపలి పొర తెల్లబడడం, కొన్నాళ్ళు పారుడు, కొన్నాళ్ళు మలబద్ధకం. ముదిరితే దవడ కింద నీరు చేరి సంచిలా వేలాడుతుంది. ఎద సరిగా రాదు. దూడలలో, పడ్డలలో ప్రాణం పోవడం కూడా కద్దు. అప్పు చేసి కొన్న ఒక్క గేదె మీద ఆధారపడిన ఇంటిలో రోజుకు లీటరు పాలు తగ్గినా వాయిదా కట్టడం ఎంత కష్టమో మేము వేరే చెప్పనవసరం లేదు.

గురక వ్యాధి దారి వేరు. దీని పురుగులు పశువు ముక్కులోని రక్తనాళాలలో వుంటాయి. ఇవి వేరే జాతి అని 1933లో వర్ణించి షిస్టోసోమా నేసేల్ అని పేరు పెట్టినవారు మద్రాసులో పనిచేసిన మన శాస్త్రజ్ఞుడు ఎం. అనంతనారాయణరావు. ఆవులలో, ఎడ్లలో ఈ పురుగుల వలన ముక్కు లోపల కాలీఫ్లవర్ పువ్వులాంటి కండలు పెరుగుతాయి. చీమిడి, ఒక్కొక్కసారి నెత్తురు కారుతుంది. ఊపిరి ఆడక పశువు గురక పెడుతుంది. రాత్రి కొట్టంలో ఆ చప్పుడు పక్కింటికి కూడా వినబడుతుంది. ఆ చీమిడిలో పురుగు గుడ్లు వుంటాయి. పశువు చెరువులో మూతి పెట్టి నీళ్ళు తాగుతూ చీదితే అవి నీటిలో పడి, పిల్లలై, జిలేబీ నత్తలో చేరుతాయి. తరువాత నత్త నుంచి వచ్చే చీలిన తోక పురుగులు గడ్డి మీద కూర్చోవు. నీటిలో నిలబడ్డ పశువు చర్మాన్ని తొలుచుకొని నేరుగా లోపలికి పోతాయి. మనిషి కాళ్ళలోనూ దూరబోతాయి కాని మనలో బతకలేవు, దద్దురు దురద మాత్రం మిగులుతుంది. ఇదే నత్త మోసే మరొక జాతి పురుగు వలన మలయాలో వరి మళ్ళలో దిగేవారికి దురద పుడుతున్నదని 1938లో బక్లీ అనే శాస్త్రజ్ఞుడు చూపించారు. చెరువులో దిగి వచ్చాక కాళ్ళు దురద పెడితే నీటి దోషం అని మన పెద్దలు అంటుంటారు. కొంతవరకు ఆ మాట సరియైనదే.

ఇక్కడ గేదెలవారికి ఒక మాట. గురక వ్యాధి పురుగు గేదెకూ పడుతుంది. కాని గేదె ముక్కులో ఆ కండలు సాధారణంగా పెరగవు, గురక వుండదు; పైకి ఆరోగ్యంగానే వుంటుంది. అయినా దాని చీమిడిలో గుడ్లు పడుతూనే వుంటాయి. "నా గేదెకు ఏ జబ్బూ లేదు, మందు నాకెందుకు" అన్నవారి గేదె చెరువులో చీది వస్తే, ఆ నీటిలో నిలబడిన పొరుగువారి ఆవు గురక పెడుతుంది. కార్జపు జలగ విషయంలోనూ అంతే. పది మంది మందు తాగించి ఇద్దరు మానేస్తే, ఆ ఇద్దరి పశువుల పేడ చెరువులోని నత్తలకు సరిపోతుంది. పాలు అందరమూ ఒకే క్యానులో పోస్తున్నాము. నట్టల మందు విషయంలో మాత్రం ఎవరి కొట్టం వారిదే అంటే పని జరగదు. సంఘం ఒక రోజు పెట్టుకొని ఊళ్ళోని పశువులన్నింటికీ, సభ్యులు కానివారి పశువులకు కూడా, ఒకేసారి తాగించే ఏర్పాటు చేస్తే ఖర్చుకు తగిన ఫలం వుంటుంది.

ఎప్పుడు తాగించాలి? తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి. తొలకరికి ముందు ఇస్తే వానలకు నత్తలు పెరిగే వేళకు చెరువులో పడే గుడ్లు తగ్గుతాయి. రెండవసారి ఇచ్చేది వానాకాలంలో పశువు మింగిన జలగల కోసం. నట్టల మందులన్నీ ఒకటి కావు. దూడల ఏలికపాములకు వాడే పైపరజిన్ గాని, గోమార్లకు, గుండ్రటి పురుగులకు వాడే ఐవర్‌మెక్టిన్ గాని ఈ జలగలను చంపవు. ఆక్సీక్లోజనైడ్ పెరిగిన జలగల మీద పనిచేస్తుంది; పిల్ల జలగలను కూడా చంపేది ట్రైక్లాబెండజోల్. ఆల్బెండజోల్ చూడి తొలి నెలల్లో ఇవ్వరాదు. ఏ పశువుకు ఏది, ఎంత అన్నది పశువుల డాక్టరు చెప్పాలి. గురక వ్యాధికి ఇంజక్షన్లు వేరే వున్నాయి, అవి డాక్టరు చేతనే వేయించాలి. మందు తాగించిన తరువాత ఎన్ని రోజుల పాలు పోయకూడదో సీసా మీద వ్రాసి వుంటుంది. ఆ పాలు కేంద్రానికి తేవద్దు. ఇందులో మొహమాటం పనికిరాదు.

మేత విషయం ఇంతకంటె ముఖ్యం. వానలు పోయి చెరువు నీళ్ళు వెనక్కు తగ్గేకొద్దీ అంచున పచ్చటి గడ్డి మొలుస్తుంది. ఎండాకాలంలో ఊరంతా ఎండి, ఆ ఒక్క చారే పచ్చగా కంటికి ఇంపుగా వుంటుంది. జలగ గూళ్ళు దట్టంగా వుండేది సరిగ్గా అక్కడే. పశువును అక్కడికి తోలవద్దని చెప్పడం సులభమే, మేత లేని రోజుల్లో పాటించడం కష్టమని మాకు తెలుసు. కనీసం ఆ గడ్డిని కోసుకు వచ్చి రెండు మూడు రోజులు ఎండలో బాగా ఆరబెట్టి వేయండి. ఎండకు గూళ్ళు చస్తాయి. ఎండబెట్టకుండా కోసి ఇంటికి తెచ్చి వేస్తే, చెరువులో మేపినదానికీ దానికీ తేడా లేదు. వరిగడ్డి కూడా అంతే. చెమ్మ ఆరని పచ్చి గడ్డి మొదళ్ళలో గూళ్ళు వుంటాయి. వాము వేసి బాగా ఎండిన గడ్డితో భయం తక్కువ.

గేదెను నీటిలో పొర్లనివ్వకూడదా అని కొందరు అడుగుతారు. గేదె వేడికి తట్టుకోలేదు, దానికి నీళ్ళు కావాలి. కార్జపు జలగ తినడం వలన వస్తుంది గాని పొర్లడం వలన రాదు. కాబట్టి బోరు నీళ్ళతో కడిగే వీలుంటే కడగండి, లేకపోతే దాని సుఖాన్ని చెడగొట్టవద్దు. ఆవులను మాత్రం నత్తలున్న కుంటలలో దింపకుండా వుండడం మంచిది. తాగే నీటికి కొట్టం దగ్గర తొట్టి కట్టండి. కొట్టం కడిగిన నీళ్ళు, పేడ చెరువులోకి పోయే కాలువ వుంటే మూయండి. పేడ దిబ్బగా వేస్తే లోపల పుట్టే వేడికి గుడ్లు చస్తాయి.

బాతులను గురించి కొంచెం వివరంగా చెబుతాము. బాతులు నత్తలను తింటాయని కృష్ణా, గోదావరి డెల్టాలలో బాతుల మందలను కోసిన చేలల్లో మేపేవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే ఇండొనేషియాలోని పశ్చిమ జావాలో పరిశోధకులు ఇంకొక చిత్రమైన సంగతి కనిపెట్టారు. బాతుల పేగులలో ఉండే ఎకినోస్టోమా అనే మరొక జలగ కూడా తన పిల్లలను అదే లిమ్నియా నత్తలో పెంచుతుంది. ఆ పిల్లలు, మన కార్జపు జలగ పిల్లలు ఒకే నత్తలో కలిస్తే, బాతు జలగ పిల్లలు రెండవ వాటిని తినివేస్తాయి. బాతుల గూడు పశువుల కొట్టం పక్కన పెట్టి, రెండింటి ఎరువునూ కలిపి పొలానికి పంపితే, నత్త చావకుండానే దాని లోపలి జలగ చస్తుంది. బాతు జలగ వలన పశువుకు నష్టం లేదు. మందు ఖర్చు లేని ఈ పద్ధతిని డెల్టా సంఘాలవారు డాక్టరుతో మాట్లాడి ప్రయత్నించి చూడదగినదని మా అభిప్రాయం.

మీ చెరువులో ఏ నత్తలున్నాయో చూడడానికి పెద్ద ఖర్చు లేదు. సాయంత్రం ఒక తాటాకును తాడు కట్టి అంచు నీళ్ళలో వేసి, పొద్దున తీసి అడుగు భాగం చూడండి. నత్తలు, జిగురు గుడ్లు అంటుకొని వుంటాయి. ఉత్త చేతులతో పట్టవద్దు, పుల్లతో గాజు గ్లాసులో వేయండి. బావి నీళ్ళు పోసి గంటా రెండు గంటలు వెలుతురులో పెట్టి, గ్లాసు వెనుక నల్లటి గుడ్డ పట్టి చూడండి. తెల్లటి నలుసులు తమంతట తాము కదులుతుంటే నత్తలో ఏదో ఒక జాతి జలగ పిల్లలు వున్నట్టే. అవి ఏ జాతివో కంటితో చెప్పలేము. ఆ నీటిలో వేలు పెట్టకుండా సలసల కాగే నీళ్ళు పోసి పొడి నేల మీద పారబోయండి. వేరే నత్తలు నాలుగు తడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి, మూడు నాలుగు పశువుల పేడ విడివిడిగా పొట్లాలు కట్టి, ఏ పశువుదో చీటీ వ్రాసి, అదే రోజు పశువుల ఆసుపత్రికి పంపండి.